చక్రాల మీద చిన్న ఇల్లు: చక్రాలు ఎందుకు, వాటితో వచ్చే చిక్కులేంటి

ట్రైలర్ మీద కట్టిన చిన్న చెక్క ఇంటిని చూడగానే, ఎక్కడికి కావాలంటే అక్కడికి ఇంటితో సహా వెళ్లిపోవచ్చు అనిపిస్తుంది. కానీ ఇలాంటి ఇళ్లలో చాలావరకు ఒక చోట నిలిపాక ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోతాయి. తరచూ తిరగాలనుకునేవాళ్లకు క్యాంపర్ వ్యాన్లు, ట్రావెల్ ట్రైలర్లు ఎలాగూ ఉన్నాయి. అవి తేలిగ్గా, గాలిని కోసుకుపోయేలా తయారవుతాయి. మామూలు ఇంటి కలపతో, ఏటవాలు కప్పుతో, పెద్ద కిటికీలతో కట్టిన ఇంటిని హైవే మీద వందల కిలోమీటర్లు లాగాలంటే ఇంధనం ఖర్చు దగ్గర్నుంచి డ్రైవర్ టెన్షన్ దాకా అన్నీ ఎక్కువే. మరి కదలని ఇంటికి చక్రాలు దేనికి?

దీనికి జవాబు అమెరికా గృహనిర్మాణ నిబంధనల్లో దొరుకుతుంది. అక్కడ ఎక్కువ రాష్ట్రాలు, నగరాలు ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ అనే నమూనా నియమావళిని తమ అవసరానికి తగ్గట్టు మార్చుకుని వాడుకుంటాయి. 2015 కూర్పులో తీసేసే దాకా అందులో ఒక షరతు ఉండేది: ఇంట్లో కనీసం ఒక గదైనా 120 చదరపు అడుగులు ఉండాలి. దీనికి తోడు చాలా ఊళ్ల జోనింగ్ నిబంధనలు, అంటే ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పేవి, మొత్తం ఇంటికి ఒక కనీస విస్తీర్ణం పెడతాయి. అంటే పెద్ద ఇల్లు కట్టుకోవడానికి అనుమతి దొరుకుతుంది, మరీ చిన్నది కట్టుకోవడానికి దొరకదు. జే షేఫర్ అనే ఆయన అయోవాలో 1999లో వంద చదరపు అడుగుల లోపు ఇల్లు కట్టుకున్నప్పుడు దాన్ని ట్రైలర్ మీద కట్టింది ఇందుకే. నేల మీద కడితే అది నిబంధనలకు విరుద్ధమైన భవనం. చక్రాల మీద కడితే భవనాల నియమావళి దాని జోలికి రాదు. 1973లో సగటున 1,660 చదరపు అడుగులున్న అమెరికా కొత్త ఇల్లు 2015 నాటికి 2,687 చదరపు అడుగులకు పెరిగింది. 2008 ఆర్థిక సంక్షోభంలో ఇంటి అప్పు తీర్చలేక లక్షల మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. షేఫర్ చూపించిన దారి అప్పుడు చాలామందిని లాగింది.

ఈ ఇళ్ల గురించి ముందుగా అర్థం చేసుకోవాల్సింది ఇదే. చక్రాలు వచ్చింది ప్రయాణం కోసం కాదు, చట్టం కోసం. అయితే ఒకసారి చక్రాలెక్కాక ఇల్లు వాహనం కూడా అవుతుంది. ఇంటికుండే బాధ్యతలు ఎక్కడికీ పోవు, వాహనానికుండేవి వాటికి కలుస్తాయి. బరువు, చెమ్మ, అనుమతులు, అప్పు, ఏ సమస్య తీసుకున్నా ఈ రెండు లెక్కలూ ఒకదానికొకటి అడ్డుపడే చోటే పుడుతుంది.

రోడ్డు నిర్ణయించే కొలతలు

అమెరికా రోడ్ల మీద ప్రత్యేక పర్మిట్ లేకుండా వెళ్లే వాహనం వెడల్పు 8.5 అడుగులు, అంటే సుమారు 2.6 మీటర్లు దాటకూడదు. ఎత్తు చాలా రాష్ట్రాల్లో 13.5 అడుగులు, పడమటి రాష్ట్రాలు కొన్నిటిలో 14 అడుగులు. ఇది బయటి కొలత. లోపల ఎంత మిగులుతుందో చూద్దాం. గోడలో మూడున్నర అంగుళాల కలప, దానికి బయట ప్లైవుడ్, ఆపైన వాన నుంచి కాపాడే పలకలు, లోపలి వైపు మరో సన్నటి పలక. రెండు గోడలకూ కలిపి అడుగు దాకా పోతుంది. లోపల మిగిలేది ఏడున్నర అడుగుల వెడల్పు. అందులో ఒక పక్క రెండడుగుల వంటగట్టు పెడితే, మిగిలిన ఐదున్నర అడుగుల్లోనే నడక, కుర్చీ, ఎదుటి గోడకు అల్మారా అన్నీ సర్దుకోవాలి.

ఎత్తు లెక్క ఇంకా బిగుతు. నేల నుంచి ట్రైలర్ పైభాగానికే సుమారు రెండడుగులు పోతుంది. గచ్చు మందం, కప్పు మందం కలిపితే ఇంకో అడుగు. మిగిలిన పదడుగుల పై చిల్లరలో కింద మనిషి నిలబడటానికి ఆరడుగుల నాలుగంగుళాలైనా ఉంచాలి. ఆపైన అటక పలక మందం పోగా, పడుకునే అటకకు దక్కేది మూడున్నర అడుగుల చుట్టుపక్కల. మంచం మీద లేచి కూర్చుంటే తల కప్పుకు తగులుతుంది. కప్పు ఏటవాలుగా ఉంటే మధ్యలో మాత్రమే ఈ మూడున్నర అడుగులు, అంచుల్లో ఇంకా తక్కువ. డిజైన్ లోపం అని చాలామంది అనుకునేది నిజానికి ఫ్లైఓవర్ కింద దూరడానికి ఇచ్చుకున్న మూల్యం.

దేశం మారితే ఈ అంకెలు మారతాయి, ఇల్లూ మారుతుంది. యూరప్‌లో వెడల్పు పరిమితి 2.55 మీటర్లు. అంతకన్నా కష్టమైంది బరువు. మామూలు వాహనంతో లాగే ట్రైలర్ మొత్తం బరువు 3.5 టన్నులు దాటకూడదు. అందుకే అక్కడి ఇళ్లు సాధారణంగా ఆరు మీటర్ల పొడవు దగ్గర ఆగిపోతాయి. ఆస్ట్రేలియాలో వెడల్పు 2.5 మీటర్లు, ఎత్తు 4.3 మీటర్లు, బరువు 4.5 టన్నులు. ఒక దేశంలో గీసిన ప్లాన్ కొని ఇంకో దేశంలో కట్టబోతే మొదటి రోజే ఇబ్బంది మొదలవుతుంది.

బరువు, గాలి, కుదుపు

24 అడుగుల ఇల్లు సామాన్లతో కలిపి నాలుగున్నర నుంచి ఆరున్నర టన్నుల మధ్య తూగుతుంది. ఈ ఇళ్ల కోసం ఎక్కువగా వాడే యాక్సిల్ (చక్రాల ఇరుసు) ఒక్కొక్కటి 7,000 పౌండ్లు, అంటే దాదాపు 3,175 కిలోలు మోస్తుంది. రెండు యాక్సిళ్ల ట్రైలర్‌కు పరిమితి 6,350 కిలోలు. ట్రైలర్ సొంత బరువు కూడా అందులోదే, కాబట్టి ఇంటికి మిగిలేది మనం అనుకున్నంత ఉండదు. అందుకే ప్రతి వస్తువునూ తూకం వేసి ఎంచుకోవాలి. అరంగుళం జిప్సం బోర్డు షీటు ఒక్కటి 24 కిలోల దాకా ఉంటుంది, పైగా కుదుపులకు పగుళ్లిస్తుంది. దాని బదులు సన్నటి పైన్ చెక్క పలకలు వాడటానికి కారణం అందం ఒక్కటే కాదు. స్నానాల గదికి రాతి టైల్స్, వంటగట్టుకు గ్రానైట్ వేయాలనుకునేవాళ్లు ఆ కిలోలు ఇంకెక్కడ తగ్గిస్తారో ముందే తేల్చుకోవాలి.

మొత్తం బరువు ఎంత ముఖ్యమో, అది ఎక్కడ పడుతుందన్నదీ అంతే ముఖ్యం. ట్రైలర్ ముందు కొన, అంటే లాగే వాహనానికి తగిలించే కొక్కెం మీద మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం పడాలి. వంటగది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు అన్నీ వెనక్కి నెట్టేస్తే కొక్కెం తేలికవుతుంది. అప్పుడు వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ పాము తోకలా అటూ ఇటూ కొట్టుకుంటుంది, అదుపు తప్పితే లాగే వాహనాన్ని కూడా తిప్పేస్తుంది. ఇల్లు పూర్తయ్యాక దీన్ని సరిదిద్దడం చాలా కష్టం. కాబట్టి గదుల అమరిక గీసేటప్పుడే కాగితం మీద ప్రతి బరువైన వస్తువుకూ చోటు చూసుకోవాలి. నీళ్ల ట్యాంకును యాక్సిళ్లకు దగ్గరగా పెట్టమనేది కూడా ఇందుకే: 150 లీటర్ల నీళ్లంటే 150 కిలోలు, అది నిండినప్పుడూ ఖాళీ అయినప్పుడూ తూకం మారిపోకూడదు.

ఇక గాలి. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ఎదురుగా ఉన్న గోడ మీద గాలి ఒత్తిడి ప్రతి చదరపు మీటరుకు సుమారు 45 కిలోల బరువు మోపినంత ఉంటుంది. అది నేల మీది ఇంటికి పెద్ద తుఫానులో వచ్చే పరిస్థితి. దానికి రోడ్డు కుదుపు తోడవుతుంది. అందుకే ఈ ఇంటి చట్రాన్ని మేకులతో వదిలేయరు. స్క్రూలు, జిగురు రెండూ వాడి ప్లైవుడ్‌ను కలప చట్రానికి అతికిస్తారు, కప్పు దూలాలను గోడలకు లోహపు పట్టీలతో బిగిస్తారు, గోడలను ట్రైలర్ ఇనుప చట్రానికి బోల్టులతో కడతారు. ఈ ఆఖరిది నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యం. అది సరిగ్గా లేని ఇల్లు ట్రైలర్ మీద కూర్చుని ఉన్నట్టే లెక్క, కట్టి ఉన్నట్టు కాదు.

చెమ్మ: బయటికి కనబడని శత్రువు

నివసించడం మొదలెట్టాక ఎక్కువగా బాధపెట్టేది చలి కాదు, చెమ్మ. మనుషుల ఊపిరి, చెమట, వంట, స్నానం కలిసి రోజుకు కొన్ని లీటర్ల నీటిని గాలిలోకి వదులుతాయి. పెద్ద ఇంట్లో ఆ ఆవిరి నాలుగైదు గదుల్లోకి పరుచుకుంటుంది. 200 చదరపు అడుగుల్లో దానికి పోయే చోటు లేదు.

ప్రొపేన్ గ్యాస్ సంగతి చాలామందికి తెలియదు. ఒక కిలో ప్రొపేన్ మండితే సుమారు 1.6 కిలోల నీరు పుడుతుంది. గ్యాస్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది కాబట్టి పుట్టే నీటి బరువు కాలిన గ్యాస్ బరువును మించుతుంది. పొగగొట్టం లేని చిన్న గ్యాస్ హీటర్‌ను చలి రాత్రంతా వెలిగిస్తే, వెచ్చదనంతో పాటు నీళ్లు కూడా ఇంట్లోకి పోసినట్టే. ఆ నీరు చల్లటి చోటు వెతుక్కుంటుంది. లోపల 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉంటే, 12 డిగ్రీలకు దిగిన ఏ ఉపరితలం మీదైనా నీటి బొట్లు కడతాయి. కిటికీ అద్దం మీద కడితే కనబడుతుంది, తుడుస్తాం. అటక మీద పరుపు కిందా, గోడ లోపలా, ట్రైలర్ ఇనుప చట్రం గచ్చును తాకే గీత వెంబడీ కడితే కనబడదు. పరుపు తిరగేసే రోజుకు నల్లటి బూజు పట్టి ఉంటుంది. చెక్క అటక మీద నేరుగా పరుపు వేయకుండా సందులున్న పలకలు వేసి గాలి ఆడనివ్వమని అనుభవం ఉన్నవాళ్లందరూ చెప్పేది దీనివల్లే.

దీనికి మందు గాలి మార్పిడి. కానీ చలికాలంలో కిటికీ తీస్తే వేడంతా పోతుంది. బయటికి పోయే గాలిలోని వేడిని లోపలికొచ్చే గాలికి అందించే చిన్న ఫ్యాన్లు దొరుకుతాయి. ఇంటి ఖర్చులో ఇదొక్కటీ తగ్గించుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. హీటరు ఏదైనా సరే, మండే గాలి బయటి నుంచి తీసుకుని పొగ బయటికే పంపేది కొనాలి. ఇంత చిన్న చోట కార్బన్ మోనాక్సైడ్ ప్రమాదకర స్థాయికి చేరడానికి ఎక్కువ సేపు పట్టదు. పొగ అలారంతో పాటు దానికీ అలారం ఉండాలి, అది పడుకునే చోటికి దగ్గరగా ఉండాలి.

నీళ్లు, కరెంటు విషయం ఇంతకన్నా సులువు. క్యాంపర్ వ్యాన్ల వంటి వినోద వాహనాలు (ఆర్‌వీలు) నిలిపే పార్కుల్లో దొరికే 30 ఆంపియర్ల కనెక్షన్ 3,600 వాట్లిస్తుంది. వాటర్ హీటరు, ఏసీ, ఇండక్షన్ స్టవ్ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది. 50 ఆంపియర్లదైతే 12,000 వాట్ల దాకా వస్తుంది, నిశ్చింతగా ఉండొచ్చు. అసలు కష్టం మురుగుది. మూత్రాన్ని విడిగా పట్టే డ్రై టాయిలెట్ వాసన లేకుండా పనిచేస్తుంది, నీళ్లు అక్కర్లేదు. అయితే దాన్ని కంపోస్టింగ్ టాయిలెట్ అని అమ్మినా, డబ్బాలో ఉండే కొద్ది వారాల్లో లోపలిది ఎరువైపోదు. బయట వేరుగా ఏడాది దాకా మాగాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఎక్కడ చేస్తారు, అక్కడి ఆరోగ్య శాఖ ఒప్పుకుంటుందా అన్నది ఇల్లు కట్టకముందు తేలాల్సిన ప్రశ్న. చాలాచోట్ల సెప్టిక్ ట్యాంకుకో మురుగు లైనుకో కలిపితేనే నివాసానికి ఒప్పుకుంటారు. సింకు, స్నానం నీళ్లను పెరట్లోకి వదిలేయడం కూడా చాలా ఊళ్లలో నేరమే.

ఇది ఇల్లా, బండా?

చట్టంలో ఉన్న ముడిని విప్పాలంటే మూడు డబ్బాలు ఊహించుకోవాలి. మొదటిది నేలకు కట్టిన ఇల్లు, దానికి భవన నియమావళి వర్తిస్తుంది. రెండోది ఫ్యాక్టరీలో కట్టి తెచ్చే మాన్యుఫాక్చర్డ్ హోమ్. దీనికి అమెరికా గృహనిర్మాణ శాఖ 1976 నుంచి అమలు చేస్తున్న వేరే ప్రమాణం ఉంది, నిలిపాక 320 చదరపు అడుగులైనా ఉండటం అందులో ఒక కొలమానం. మూడోది ఆర్‌వీ, అంటే వినోదానికి వాడే వాహనం. ఈ చిన్న ఇళ్లు చాలావరకు మూడో డబ్బాలోనే పడతాయి. చిక్కేమిటంటే, ఫెడరల్ నిబంధనలో ఆర్‌వీకి ఇచ్చిన నిర్వచనమే అది శాశ్వత నివాసం కాదని, విహారానికో సీజనుకో తాత్కాలికంగా ఉండటానికని చెబుతుంది. ఆర్‌వీ ధ్రువపత్రం ఉంటే రిజిస్ట్రేషన్, బీమా, లోను దొరుకుతాయి. కానీ అదే కాగితం చూపించి, ఇది ఉండటానికి కట్టింది కాదు కదా అని ఊరి జోనింగ్ అధికారి ఖాళీ చేయమనవచ్చు. చాలామంది ఫిర్యాదులు రానంత కాలం ఏదో పెరట్లో గుట్టుగా ఉండిపోతారు. పొరుగింటివాళ్లు మారినప్పుడో, గొడవ పడినప్పుడో నోటీసు వస్తుంది. సొంత చేతులతో కట్టుకున్న ఇంట్లో ఎవరైనా చూస్తారేమోనని బతకడం చిన్న బాధ కాదు. ఈ ఇళ్ల అందం గురించి చెప్పేవాళ్లు ఈ భయాన్ని దాటేయడం నాకు సరైంది అనిపించదు.

కొంత మార్పు వచ్చింది, అదీ రెండు వైపుల నుంచి. 2018 నాటి రెసిడెన్షియల్ కోడ్‌లో అనుబంధం క్యూ చేరింది. 400 చదరపు అడుగుల లోపు ఇళ్లకు కప్పు ఎత్తు, అటక, నిచ్చెన, అగ్నిప్రమాదంలో బయటపడే కిటికీ వంటివాటిలో సడలింపులిచ్చింది. అటకకు కనీసం 35 చదరపు అడుగులు ఉండాలంది. అయితే చక్రాల సంగతి అందులో లేదు. రెండో వైపు కొన్ని నగరాలు చక్రాల ఇంటిని పెరటి ఇల్లుగా ఒప్పుకున్నాయి. కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో 2016లో ముందడుగు వేసింది, లాస్ ఏంజెలెస్ 2019 చివర్లో, ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ 2021లో వచ్చాయి. కాలిఫోర్నియా నగరాల నిబంధనల్లో తరచూ కనబడే షరతు ఒకటుంది: చక్రాలు, యాక్సిళ్లు బయటికి కనబడకుండా కప్పేయాలి. న్యూజిలాండ్‌లో స్థానిక సంస్థ ఒక చక్రాల ఇంటిని భవనమే అంటే, 2020లో కోర్టు కాదు, అది వాహనమని తీర్పిచ్చింది. ఫ్రాన్స్ 2014లో తెచ్చిన చట్టం, కదిలించగలిగే నివాసాలకు కొంత భూమి కేటాయించే వీలు స్థానిక సంస్థలకు ఇచ్చింది. ఒక్కో చోట ఒక్కో జవాబు. ఉండబోయే ఊరి నిబంధన తప్ప ఇంకెవరి అనుభవమూ ఇక్కడ పనికిరాదు.

డబ్బు లెక్క కూడా ఇదే చిక్కులో ఇరుక్కుంది. కింద భూమి లేదు కాబట్టి మామూలు హోమ్ లోను రాదు. ఆర్‌వీ లోనో పర్సనల్ లోనో తీసుకోవాలి, వడ్డీ ఎక్కువ, గడువు తక్కువ. ఇంటి విలువ ఏటా పెరుగుతుందని మనం అనుకునేదాంట్లో పెద్ద భాగం దాని కింది భూమిది. ఈ ఇంటికి అది లేదు, కనుక వాహనంలాగే విలువ తగ్గుతుంది. చదరపు అడుగు లెక్కన చూస్తే చిన్న ఇల్లే ఖరీదైనది. ఇంట్లో ఎక్కువ ఖర్చయ్యే వంటగది, స్నానాల గది ఎలాగూ ఉండాలి, చవగ్గా వచ్చే ఖాళీ గదులే తగ్గాయి. అయినా మొత్తం ఖర్చు తక్కువ కాబట్టి, అప్పు లేకుండా కట్టగలిగినవాళ్లకు నెలనెలా పడే భారం బాగా దిగుతుంది. నాకు ఈ ఇళ్లలో నిజంగా విలువైనదిగా కనిపించేది ఇదే. అప్పు చేసి కొని, స్థలానికి అద్దె కూడా కట్టేవాళ్లకు ఆ లాభం చాలావరకు ఆవిరవుతుంది.

సొంతంగా కట్టేవాళ్లకు ఒక మాట. గోడలు మూయకముందు ప్రతి దశలో ఫొటోలు తీసి పెట్టుకోవాలి: వైరింగ్, పైపులు, బోల్టులు, ఇన్సులేషన్. రేపు బీమా కంపెనీయో కొనేవాళ్లో అడిగితే చూపించడానికి ఇంకే ఆధారం ఉండదు.

లోపల బతుకు

సామాను తగ్గించుకోవడం కష్టమని అంటారు గానీ, దానికి అలవాటు పడతారు. శరీరానికి సంబంధించినవే కష్టం. అర్ధరాత్రి నిద్రమత్తులో నిచ్చెన దిగడం ముప్పై ఏళ్లప్పుడు ఒకలా ఉంటుంది, జ్వరంతోనో మోకాలి నొప్పితోనో ఇంకోలా ఉంటుంది. నాలుగైదు అడుగుల నేల పోయినా సరే, కింద సొరుగులున్న మెట్లు పెట్టించుకోవడం మంచిది. వీలైతే కిందే పడక ఉండాలి. వేడి గాలి పైకి చేరుతుంది కాబట్టి వేసవిలో అటక కొలిమి అవుతుంది, అక్కడ రెండు వైపులా కిటికీలు తప్పనిసరి. వాటిలో ఒకటి మనిషి దూరగలిగేంత ఉండాలి, ఎందుకంటే మంట మొదలయ్యే వంటగట్టు సరిగ్గా అటక కింద, దిగే దారికి అడ్డంగా ఉంటుంది.

ఇద్దరు ఉంటే తలుపు ఉన్న గది స్నానాల గది ఒక్కటే. ఒకరు ఫోన్‌లో మాట్లాడితే ఇంకొకరు వినాల్సిందే. ఒకరు పొద్దున్నే లేస్తే ఇద్దరూ లేచినట్టే. బయట ఒక అరుగు, దానిమీద చిన్న కప్పు వేసుకున్నవాళ్లు ఎక్కువ కాలం ఉండగలుగుతారు, ఎందుకంటే కాసేపు విడిగా కూర్చోవడానికి ఒక చోటు దొరుకుతుంది. ఆ అరుగు ఇంటి ప్లాన్‌లో భాగంగా ఉండాలి, తర్వాత చూద్దాంలే అనుకునేది కాదు.

కట్టాలనుకునేవాళ్లు సాధారణంగా ట్రైలర్ కొనడంతో మొదలుపెడతారు. ముందు తేలాల్సింది స్థలం: ఎవరిది, ఎన్నాళ్లకు, ఆ ఊరి జోనింగ్ ఏమంటుంది, మురుగు ఎటు పోతుంది. జవాబు రాతపూర్వకంగా ఉండాలి. తర్వాత అక్కడికి చేరే దారి: వంతెనల ఎత్తు, వేలాడే తీగలు, మలుపు దగ్గర వెడల్పు, వాన పడ్డాక నేల ఐదారు టన్నులు మోస్తుందా. ఇల్లు నిలిపాక బరువు జాకీల మీదికి మారాలి, ఆ జాకీలు నిజంగా బరువు మోసేవై ఉండాలి. ఊగకుండా ఆపడానికి మాత్రమే పనికొచ్చే సన్న రకం ఇక్కడ చాలదు. స్థలం అద్దెదైతే ఖాళీ చేయడానికి ఎన్ని రోజుల గడువిస్తారో ఒప్పందంలో చూసుకోవాలి. ఆ గడువులో ఇల్లు కదలాలంటే లాగడానికి తగ్గ వాహనం, డ్రైవరు దొరకాలి, బ్రేకులు పనిచేయాలి, టైర్లు బాగుండాలి. కదలకపోయినా టైర్లు ఎండకు పగుళ్లిచ్చి ఐదారేళ్లలో ముసలివైపోతాయి. వాటికి కవర్లు వేసి, ఏటా ఒకసారి బేరింగులకు గ్రీజు పెట్టి, బ్రేకులు చూపించుకోవాలి.